బొద్దమ్మ గుప్పెడు కొసరు

ఒట్టు! ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్లూ ఈ క్షణమే రాలిపోవాలి.

అనగనగా ఒక అడవిలో, ఏటిగట్టు సంతలో, బొద్దమ్మ అనే ఎలుగుబంటి వేయించిన పల్లీలు అమ్మేది. అడవిపంది దగ్గర పది గవ్వలకు ఒక గంప కొనేది. గంపకు పన్నెండు సోలలు. అమ్మేది సోలెడు ఒక గవ్వకు. వేడి ఇసుకలో వేయించీ వేయించీ బొద్దమ్మ నడుము విల్లులా వంగిపోయింది. ఆమె నిట్టూరిస్తే ఏడు కొండల అవతల ఆకులు రాలేవి.

ఆ వేసవి గాలిదుమారానికి బొద్దమ్మ గుడిసె కప్పు ఎగిరిపోయింది. వానలు ముంచుకొస్తున్నాయి.

"ఆరు గవ్వలియ్యి పెద్దమ్మా, కొత్త కప్పు అల్లేస్తా," అన్నాడు గూళ్లు అల్లే గిజిగాడు.

బొద్దమ్మ ఒక గంప అమ్మింది. చేతిలో పది గవ్వలే. 'ఇంకా అమ్మాలి కాబోలు' అనుకుని, ఆ పదీ పెట్టి రెండో గంప తెచ్చింది. మళ్లీ పదే. ఉసూరుమంటూ మూడోది తెచ్చింది. గంప అడుగంటింది, గవ్వలు తొమ్మిది. పదో బేరానికి ముసలి ఉడత చారలయ్య వచ్చాడు.

బొద్దమ్మ సోలెడు కొలిచి, అలవాటుగా పైన గుప్పెడు కొసరు వేసింది. ఎలుగుబంటి గుప్పెడు మరి! చారలయ్య మెడదాకా మునిగాడు.

"ఇంత అమ్మినా ఏమీ మిగలట్లేదు తమ్ముడూ," అంటూ బొద్దమ్మ కూలబడింది.

"నిజం చెప్తే తిట్టవుగా అక్కా? నేనొచ్చేదే నీ కొసరు కోసం. పన్నెండు సోలలు పదిమందికే సరిపోతున్నాయి. నీకు మిగలాల్సిన రెండు సోలలూ మా పొట్టల్లో ఉన్నాయి!"

"కొసరు లేకపోతే ఎవరొస్తారు? మా అమ్మ కూడా వేసేది."

"వెయ్యి. గుప్పెడెందుకు?"

మరుసటి సంతకు బొద్దమ్మ ఏట్లోంచి నత్తగుల్ల ఏరి తెచ్చింది. కొసరు ఇక దాంతోనే.

"ఇదేంటత్తా, కొసరా, విభూదా?" అని వెక్కిరించింది నక్క.

"కొసరే అల్లుడూ. ఇన్నాళ్లూ నీకు వేసింది నా ఇంటికప్పు."

నక్క గొణుక్కుంటూనే కొంది. ఇప్పుడు గంప పదకొండు మందికి వచ్చింది, గంపకు ఒక్క గవ్వ మిగిలింది. రెండు సంతలు, ఆరు గంపలు, ఆరు గవ్వలు. గిజిగాడు చివరి పోచ అల్లాడో లేదో, తొలి చినుకు పడింది. బొద్దమ్మ కప్పు కింద ఒళ్లు వాల్చింది. ఆ గురకకు ఏరు వారం రోజులు వెనక్కి పారింది!

నీతి: ఎన్ని గంపలు అమ్మామన్నది లాభం కాదు, ఖర్చూ కొసరూ పోను చేతిలో మిగిలిందే లాభం.

విన్నావుగా? ఇక లేచి, మూల కొట్టుకెళ్లి సోలెడు పల్లీలు పట్రా. కొసరు అడగడం మరిచిపోకు!