నూకాలమ్మ మొక్కు

అప్పలాచార్యులుగారిని ఎవరేమి అడిగినా ముందు చేతికి ఒక పని తగిలేది. నాగావళి ఒడ్డున ఆయన మఠంలో వేదాంతం అడిగినవాడికీ, వాన ఎప్పుడని అడిగినవాడికీ ఒకటే మర్యాద: చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మాట్లాడాలి. చేతులు ఖాళీగా ఉంటే నోరు ఊరికే వాగుతుందని ఆయన నమ్మకం. అందుకని ఆ రోజు శిష్యుడు లక్ష్మణమూర్తి, సర్కారులో అంత పెద్ద హోదా ఉండి కూడా, చొక్కా మడత నలగకుండా చాప మీద కూర్చుని బుట్ట ముందుకు లాక్కున్నాడు. పక్కనే ఆయన మరో శిష్యుణ్ణి, నేనూ ఉన్నాను.

"గురువుగారూ, అరెస్టయినవాళ్ల నోట్లోంచి ఉమ్ము తీసి, డిఎన్ఏ దాచిపెట్టడం ఇప్పుడు అక్కడక్కడ జరుగుతోంది. ఇకమీదట ఎవరిని పట్టుకున్నా తీయాలని పోలీసులు నిధులు అడుగుతున్నారు. ప్రజల సొమ్ము ఇవ్వవచ్చునో కూడదో నేను రాసి సంతకం పెట్టాలి. దొరకని దొంగలు దొరుకుతారని కొందరంటారు. నేరం రుజువు కాకముందే మనిషి ఒంట్లోని గుట్టు తీసుకోవడమేమిటని కొందరంటారు. ఎవరి మాట వింటే వాళ్లదే న్యాయంగా ఉంది."

గురువుగారు పుచ్చిన కాయ ఒకటి ఏరి పక్కన పడేసి, మఠంలోనే జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

నూకాలమ్మ అని ఒక ఆడమనిషి శనివారం శనివారం మఠంలోని నరసింహస్వామికి దీపం పెట్టడానికి వస్తుంది. పుష్కరాల జనంలో ఆవిడ కొడుకు చెయ్యి జారిపోయింది. ఊరి పేరు కూడా సరిగ్గా పలకలేని పసివాడు. బతికి ఉంటే ఈపాటికి మీసాలు వచ్చి ఉంటాయి. దీపం వెలిగించి ఆవిడ పైకే మొక్కుకునేది: "సామీ, నా గుంటణ్ణి పోలీసోళ్లు పట్టుకోవాల."

మఠంలో అందరూ ఆవిడకు మతి చలించిందనుకున్నారు. చెప్పవద్దూ, గురువుగారు కూడా అలాగే అనుకున్నారట.

ఒక శనివారం తవిటయ్య అనే రైతు కూడా మొక్కుకోవడానికి వచ్చాడు. ఈ మొక్కు చెవినపడి అతనికి ఒళ్లు మండింది.

"ఏటప్పా, కన్నతల్లివేనా నువ్వు? బిడ్డని పోలీసోళ్లు పట్టుకోవాలనా మొక్కుతావు?"

నూకాలమ్మ కోపగించుకోలేదు. "నా ఉమ్ము టేసన్లో ఇచ్చినాను బాబూ. ఆడెక్కడో పట్టుబడితే ఆడి ఉమ్మూ తీత్తారంట. రెండూ కలిస్తే నాకు కబురెడతారంట. ఆడి పేరు మారిపోనాది, మొకం మారిపోయుంటాది. ఉమ్ము మారదంట గదా!" అంది. ఒత్తి ఎగదోసి, "తీసినప్పుడు నోరు తెరమంటారంట. నాను ముద్ద ఎడితే ఎంత నోరు తెరిసీవోడో" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

తవిటయ్య అక్కడే కూలబడ్డాడు. అతని కొడుకు గణపతిని పొలంలో మోటారు పోయిందని పట్టుకున్నారు, ఉమ్ము తీశారు. తర్వాత అసలు దొంగ దొరికాడు, కుర్రవాణ్ణి వదిలేశారు. ఉమ్ము మాత్రం పోలీసుల దగ్గరే ఉండిపోయింది. దాన్ని చెరిపేయించమని తవిటయ్య ఎక్కని గుమ్మం లేదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఏది పోయినా ముందు కబురు గణపతికే వస్తుంది. కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది.

"పిలిసి, అడిగి, పంపేత్తారప్పా. ఒక దెబ్బ కొట్టరు. కానీ మావోడు కంచం కాడ తలెత్తడు."

నూకాలమ్మ అతనివైపు అదోలా చూసింది. ఆవిడ చూపులో అసూయే ఉందని గురువుగారు దాచకుండా చెప్పారు. "కంచం కాడ కూకుంటన్నాడు గదా బాబూ" అంది.

"కూకుంటన్నాడు. అప్పుడు ఆడి మొకం సూడాలంటే నాకు బయం."

నూకాలమ్మ తన సీసాలో మిగిలిన నూనె అతని ప్రమిదలో పోసి వెళ్లిపోయింది.

మరుసటి శనివారం ఆవిడ మామూలుగానే వచ్చి దీపం వెలిగించింది. "సామీ, నా గుంటణ్ణి" అని మొదలుపెట్టి ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగిపోయింది. ఒత్తి కొడిగట్టేదాకా చేతులు జోడించుకుని నిలబడి, మొక్కు మొక్కకుండానే వెళ్లింది. ఆనాటినుంచి అంతే.

చెప్పడం ముగించి గురువుగారు మళ్లీ కాయలందుకున్నారు. లక్ష్మణమూర్తి చేతిలో ఒకే కాయ ఎంతసేపటినుంచో అలాగే ఉంది.

"కొడుకును పట్టుకోవాలని ఆవిణ్ణి మొక్కమంటారా గురువుగారూ, వద్దంటారా?" అన్నాడు చివరికి.

"రేపు శనివారమే నాయనా. ఆవిడ వస్తుంది. సామి ముందు ఏమని అడగాలో ఆవిడకు నువ్వే చెప్పి, తర్వాత వెళ్లి నీ సంతకం పెట్టు."