సేనాపతిగారి చిత్తం

గుమ్మడిదుర్గం రాజు తిక్కభూపాలుడు. పేరు తాతగారిది, తిక్క మాత్రం స్వార్జితం. ఆయనకి కంప్యూటర్లో యుద్ధాలాడే పిచ్చి పట్టింది. రాజుల కాలంలో కంప్యూటర్ ఎక్కడిదని అడక్కండి. కథల్లో గుర్రాలు ఎగిరితే నోరు తెరుచుకుని వింటారు కదా, ఇదీ అలాగే వినండి.

ఒకనాడు నిండు కొలువులో రాజు తొడ చరిచాడు.

"మంత్రి పీఠం ఆర్నెల్లుగా ఖాళీ. ఈ ఆటలో ఎవరు గెలిస్తే వాళ్ళే మంత్రి!"

స్తంభం పక్కన నిలబడ్డ కొమ్మసానికి ఒళ్ళు మండింది. ముసలి మంత్రికి సహాయకురాలు తను. ఆయన పోయినప్పటి నుంచి తగాదాలు తీర్చేది తను. పొరుగు రాజుల రాయబారులకి తియ్యగా చురకలు పెట్టేది తను. పని ఉంది, పీట లేదు. ఇప్పుడా పీట కోసం ఆటాడాలట!

సేనాపతి పోలినాయకుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. "నాతో ఆడే మగాడెవడు?"

"మగాడే కావాలంటే వెతకాలి నాయకులవారూ. ప్రస్తుతానికి నేను చాలనా?" అంటూ కొమ్మసాని ముందుకొచ్చింది.

సభ కిసుక్కుమంది. పోలినాయకుడు రాజు వైపు తిరిగాడు. "ప్రభూ, సైన్యాన్ని నడపడం ఇల్లు దిద్దుకున్నంత తేలికా?"

"ఇల్లు దిద్దుకోవడం తేలికని మీకెవరు చెప్పారు? దిద్దినవాళ్ళు మాత్రం చెప్పి ఉండరు."

రాజుకి సరదా పుట్టింది. "సరే కొమ్మసానీ, ఆడు. ఓడావో, రేపటి నుంచి రాణివాసంలో పూలదండలు గుచ్చుకోవాలి. కొలువులో మళ్ళీ కనపడకూడదు."

ఆ మాట కొమ్మసానికి గుచ్చుకుంది. పైకి మాత్రం, "అలాగే ప్రభూ," అంది.

ఎదురెదురుగా రెండు కంప్యూటర్లు పెట్టారు. మధ్యలో కూర్చుని రాజు ఆట వివరించాడు.

"ఎవరి కోట వాళ్ళది. ఎదుటి కోట మీద జెండా పీకినవాళ్ళు గెలిచినట్టు. చదరంగంలా ఒకరి ఎత్తు కోసం ఒకరు కాచుకోవడాలు లేవు. నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటే అవతలివాడు నీ గోడెక్కుతాడు. సైనికుణ్ణి మౌస్‌తో నొక్కితే ఉన్నచోట ఆగి, నీ వైపు తిరిగి, 'చిత్తం దొరా' అంటాడు. తర్వాత నువ్వెక్కడ నొక్కితే అక్కడికి పోతాడు."

పోలినాయకుడు మౌస్‌ని కత్తి పిడిలా పట్టుకుని ఒకణ్ణి నొక్కి చూశాడు.

"చిత్తం దొరా!"

ఆయన మొహం విచ్చుకుంది. ఇంకోసారి నొక్కాడు. మరోసారి నొక్కాడు.

కొమ్మసాని అది గమనించింది. ఆ మధ్య పేరంటానికి వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో చూసిందీ ఇదే. నాయకులవారు ఉయ్యాల మీంచి "ఏమేవ్!" అంటారు. ఇల్లాలు పొయ్యి వదిలేసి వచ్చి "చిత్తం" అంటుంది. "ఏం లేదు, పో" అంటారాయన. ఆవిడ పొయ్యి దగ్గరికి చేరేలోపు మళ్ళీ "ఏమేవ్!" అలా పిలిచి పిలిచి పప్పు మాడ్పించి, చివరికి వంట రాదని ఆవిణ్ణే తిట్టారు.

ఆట మొదలైంది.

పోలినాయకుడు ఏనుగులన్నిటినీ ఒక్కసారే తోలాడు. అవి వాగు దాటాయి, చేలు తొక్కాయి, వచ్చి కొమ్మసాని కోట తలుపు మీద పడ్డాయి. ఆమె దగ్గర మిగిలింది గుప్పెడు గుర్రాలు, నలుగురు విలుకాళ్ళు. తలుపు చెక్కలు ఊడుతున్నాయి. ఆమె కళ్ళ ముందు పూలదండలు కదిలాయి.

"నాయకులవారూ, చిన్న సందేహం," అంది తల ఎత్తకుండా. "మీ మావటీలు 'చిత్తం దొరా' అంటున్నారా, వట్టి 'చిత్తం' అంటున్నారా?"

"దొరా అనే అంటున్నారు!"

"అందరూనా? ఆ చివరివాడు గొణిగినట్టుంది."

పోలినాయకుడు చివరివాణ్ణి నొక్కాడు. ఏనుగు ఆగింది, వెనక్కి తిరిగింది.

"చిత్తం దొరా!"

"అదుగో! అన్నాడు!"

"వాడు బుద్ధిమంతుడే. పక్కవాడి మీదే నాకు అనుమానం."

పక్కవాడూ అన్నాడు. వాడి పక్కవాడూ అన్నాడు.

"ఆ ముందున్న పెద్ద ఏనుగు మీదివాడు మాత్రం అసలే పొగరుబోతులా ఉన్నాడు."

"వాడి పొగరు అణుస్తాను!" టకటకా నాలుగుసార్లు నొక్కాడు. వాడు నాలుగుసార్లూ "చిత్తం దొరా" అన్నాడు.

మాటలు సాగుతుండగానే కొమ్మసాని చేతివేళ్ళు కదులుతున్నాయి. గుర్రాలు దొడ్డిదారిన జారుకున్నాయి. గుట్ట చుట్టి పోలినాయకుడి కోటవైపు పరుగెత్తాయి. ఇక్కడ తలుపు ముందు ఏనుగులన్నీ తలుపుకి వీపు పెట్టి, వరసగా నిలబడి, దొరకి దండాలు పెడుతున్నాయి.

రాజు ఉండబట్టలేక అరిచాడు. "నాయకా! నీ కోట చూసుకో!"

"ఒక్క క్షణం ప్రభూ! ఇంకొక్కడు మిగిలాడు!"

ఆ ఒక్కడూ "చిత్తం దొరా" అన్నాడు. అదే క్షణంలో పోలినాయకుడి జెండా ఊడి కింద పడింది.

సభ గొల్లుమంది. జాలీ తెర వెనక రాణివాసం నవ్వు అంతకన్నా గట్టిగా వినపడింది. రాజు కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "అంత సేనని గుప్పెడు గుర్రాలతో ఎలా చిత్తు చేశావు కొమ్మసానీ?"

"నేనెక్కడ చేశాను ప్రభూ? 'చిత్తం' అనిపించుకునే సరదాలో ఆయనే చిత్తయ్యారు!"

రాజు నవ్వుతూనే తన మెడలోని ముత్యాల హారం తీసి ఇచ్చాడు. దానితో పాటు మంత్రి ఉంగరం కూడా. ఆ ఉంగరం మగవాళ్ళ వేళ్ళ కొలతకే చేసింది, వదులైంది. కొమ్మసాని దాన్ని బొటనవేలికి బిగించుకుని, వెళ్ళి పీఠం మీద కూర్చుంది.