ఏడు మచ్చల చీర

అద్దకం పని చేసే బుడన్ సాహెబ్ దగ్గర ఖాజావలి ఇరవై ఏళ్లుగా శిష్యరికం చేస్తున్నాడు. రంగు కలపడంతో పాటు జపమూ, మౌనమూ ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. భార్య మెహరున్నీసా పోయాక మౌనమొక్కటే మిగిలింది.

ఇంట్లోకి వచ్చిన వరదనీరు తీశాక ఖాజావలి ఇల్లు కడుగుతుంటే, బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు చింది, దండెం మీదున్న మెహరున్నీసా ఆకుపచ్చ చీర మీద పడ్డాయి. ఏడుచోట్ల రంగు విరిగి పాలిపోయింది. ఆమె బట్టల్లో అతను ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది అదొక్కటే.

మచ్చల మీద పచ్చరంగు అద్ది చూశాడు. ఎన్నిసార్లు అద్దినా, ఆరాక మచ్చ మచ్చలాగే కనిపించింది. నాలుగు రోజులు పనిలోకి రాలేదు. ఐదో రోజు వచ్చి చీర గురువు ముందు పరిచాడు.

"నావల్ల కాలేదు బాబా. అచ్చం మునుపటిలా చేసిపెట్టండి."

"ఎందుకు నాయనా?"

"ఇంటికెళ్తే పలకరించే మనిషి లేదు. దీన్ని చూసుకుంటాను."

బుడన్ సాహెబ్ ఒక మచ్చను మునివేళ్లతో పైకెత్తి, చుట్టూ ఉన్న పచ్చను కూడా కాస్త కలుపుకుని, మైనం పూసిన దారంతో బిగించి కట్టాడు. మిగిలిన ఆరూ శిష్యుడి చేతే కట్టించాడు. నలుపు బాగా పట్టేలా చీరను కరక్కాయ నీళ్లలో నానబెట్టించి, నల్లరంగు కాగు దగ్గరికి తీసుకెళ్లాడు.

"ముంచు."

ఖాజావలి కాగు ముందే ఆగిపోయాడు. "పచ్చంతా పోతుంది బాబా!"

"ముంచు నాయనా."

ముంచాడు. చూస్తుండగానే చీర నల్లబడిపోయింది. కాగు పక్కనే కూలబడి ఏడ్చాడు. ఆమె పోయిన రోజున కూడా అంత ఏడవలేదు. గురువు ఓదార్చలేదు. లేచి వెళ్లనూ లేదు.

మర్నాడు చీర ఉతికి ఆరేశాక, గురువు కట్లు విప్పమన్నాడు.

ఖాజావలి మొదటి దారం తెంపాడు. నల్లటి గుడ్డలో పాలిపోయిన మచ్చ. దాన్ని చుట్టుకుని పచ్చటి వలయం. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అంత చీరలోనూ పచ్చ మిగిలింది మచ్చల చుట్టూనే.

ఒక్కో వలయాన్నీ వేలితో తడుముకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. తను కట్టిన ఆరు కట్లూ విప్పాక, గురువు కట్టిన ఏడోదాన్ని ఆయన వైపు జరిపాడు.

"ఇది మీరు విప్పండి బాబా."