ఇంట్లోంచి పోయిన తాడు

అనగనగా, అంటే ఏ సంవత్సరమని మాత్రం నన్నడక్కండి, జర్మనీ దేశంలో ఒక రేవుపట్నం. ఆ పట్నంలో తాళ్ళు పేనేవాళ్ళ వీధి. ఒక్క వంపు లేకుండా బారుగా ఏటిగట్టు దాకా పోయేది. వీధి ఎంత పొడవో తాడు అంత పొడవు మరి.

ఆ వీధిలో వీబ్కె అని ఒక ముసలమ్మ. మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు హిన్రిక్, ఓడ మీద పని. పక్కింటావిడ ఆ చివర రాట్నం తిప్పుతుంటే, వీబ్కె నడుముకు నార చుట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ తాడుకి కావలసిన పేట పేనేది. మధ్యలో ఆగకూడదు. ఆగినచోట పేట పలచబడి అక్కడే తెగుతుంది.

ఇంతలో బ్రోక్మన్ అనే షావుకారు పట్నం పెద్దల్ని మంచి చేసుకుని, వీధికి అడ్డంగా మేడ కట్టేశాడు. వీధి రెండు ముక్కలైంది. తాళ్ళు పొట్టివైపోయాయి. రెండేసి కలిపి అతికి ఓడలకిచ్చారు. అతుకు ఎక్కడుందో సముద్రానికి తెలియదా ఏమిటి?

హిన్రిక్ ఓడ నాలుగు రోజుల్లో బయల్దేరాలి. ముందేమో గాలివానల కాలం. లంగరుకు అతుకుల తాడు కట్టారని వినగానే ముసలిదానికి ముద్ద దిగలేదు. పేట పేనడానికి ఇంట్లోంచి దారిమ్మని షావుకారు దగ్గరికి పోయింది. పక్కనుంచి తిరిగి పొమ్మన్నాడు. మళ్ళీ పోయింది. వచ్చే ఏడు వేరే చోటు చూపిస్తానన్నాడు. మూడోసారి పోతే నౌకరుతో గెంటించాడు.

మర్నాడు మధ్యాహ్నం మేడలో చుట్టాలు భోజనాలకి కూర్చున్నారు. వీబ్కె నార చుట్టుకుని నడక మొదలుపెట్టింది. వెనక్కి వెనక్కి నడిచి, తెరిచున్న వీధి వాకిలి దాటి, చేపల పళ్ళేల మీదుగా పేట సాగదీస్తూ, పెరటి తలుపులోంచి ఏటిగట్టుకి పోయింది. చుట్టాలు పగలబడి నవ్వారు.

ఒక్క పేటతో తాడవుతుందా? రెండోసారీ వచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. షావుకారు మొహం కందగడ్డలా ఎర్రబడింది. పేట కోసేస్తాను, కత్తి తెమ్మని వంటమనిషిని కేకేశాడు. ఆవిడ తమ్ముడూ హిన్రిక్ ఓడ మీదే ఉన్నాడు. పాపం, ఆ పూట ఆవిడకి చెవులు వినపడలేదు.

మూడోసారి వెనక్కి వెనక్కి నడిచి వచ్చేసరికి, షావుకారే పెరటి గుమ్మంలో చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాడు. వీబ్కెకి వీపున కళ్ళు లేవు. అయినా గదంతా మూగబోతే తెలిసిపోయింది.

"ఇది నా కొడుకు ప్రాణం, బాబూ," అంది. అడుగు మాత్రం ఆగలేదు.

అప్పుడు బల్ల దగ్గర్నుంచి లేచింది షావుకారు తల్లి. వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న లంగరు తాడు తెగే పోయాడు. తప్పుకో."

తప్పుకున్నాడు. పెద్దావిడ వీబ్కె వైపు తిరిగింది. "వెనక ఖాళీగా ఉంది. రా చెల్లీ," అంది.

మూడు పేటలూ మెలేశారు. తాడు ఓడెక్కింది. గాలివాన రానే వచ్చింది. రేవు బయట మూడు ఓడలు లంగరేశాయి. అతుకుల తాళ్ళు తెగి రెండు ఇసుకమేటకి కొట్టుకుని పగిలిపోయాయి. హిన్రిక్ ఓడ నిలిచింది.

ఆ చలికాలమే వీబ్కె పోయింది. శవపేటిక మోసేవాళ్ళు మేడ పక్కనుంచి తిరిగి పోబోతే షావుకారు బయటికొచ్చాడు. రెండు తలుపులూ బార్లా తీసి, భోజనాల బల్ల తనే పక్కకి లాగాడు. ఆమె దారి ఇదేనన్నాడు.

ఇప్పటికీ ఆ ఇంటి తలుపులకి పగలు గడియ పెట్టరు. ఓడెక్కే ప్రతివాడూ ముందు ఆ ఇంట్లోంచి వెనక్కి నడిచి పోతాడు. ఇంటివాళ్ళు అన్నం తింటున్నా సరే, ఒకరు లేచి పెరటి గుమ్మం దగ్గర నిలబడతారు. వెనక ఖాళీగా ఉంది రమ్మని పిలుస్తారు. అతను ఏటిగట్టు చేరేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు.