అవతలి ఒడ్డున సగం వాటా

కొంగలకుంట పేరుకే కుంట. కనుచూపు మేరా నీళ్లే. రెక్కలు లేని జీవాలకీ, రెక్కలున్నా ఎగరడం చేతకాని జీవాలకీ దూరప్రయాణం పడిందంటే అక్కడికే రావాలి. గూడబాతులు ముక్కు కింద వేలాడే సంచిలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టుకుని, బారు కట్టి ఎగిరి, కొండల అవతల పెద్దమడుగులో దింపుతాయి. ఎవరు ఎప్పుడు బయల్దేరాలో చెప్పే అధికారి ఒక ముసలి కొంగ. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకునే ఉద్యోగం చేస్తారాయన. అయినా అక్కడ ఆయన చెప్పిందే చట్టం.

ఆ రోజు తెల్లవారకముందే వచ్చి వరసలో అందరికంటే ముందు నిలబడింది చుక్కలమ్మ అనే కోడి. ఎప్పుడో ఒక రైతు ఆమె గుడ్లలో ఒక బాతుగుడ్డు కలిపి పొదిగించాడు. ఆ పిల్లకి నీలి అని పేరు పెట్టుకుని, తన పిల్లలకంటే ఓ పాలు ఎక్కువే ముద్దు చేసింది చుక్కలమ్మ. నీలి పెద్దదై, బాతుల గుంపుతో పెద్దమడుగుకి వెళ్లిపోయింది. వెళ్లిన దగ్గర్నుంచీ చుక్కలమ్మకి మేత సయించేది కాదు. గింజ ఏరుతూ ఏరుతూ ఆగిపోయి, కొండల వైపు చూస్తూ ఉండిపోయేది.

ముందురోజే ఎవరో నారాయణపక్షి నీలి చెప్పిన కబురు మోసుకొచ్చింది. “ఈసారి గుడ్లు నేనే పొదుగుతున్నానమ్మా. ఇవాళో రేపో పెంకు పగులుతుంది. నాకు భయంగా ఉంది. ఆ వేళకి నువ్వు పక్కనుండాలి” అని. అంతే, చుక్కలమ్మ ఇల్లూ వాకిలీ ఇరుగుపొరుగుకి అప్పజెప్పి బయల్దేరింది.

పొద్దెక్కింది. గూడబాతులు కదలలేదు. వాటి పెద్ద సంచయ్యని అడిగితే గాలి బాగాలేదన్నాడు. ఇంకాసేపాగి అడిగితే పైన మబ్బుందన్నాడు. మూడోసారి అడిగేసరికి కునుకు తీశాడు. చుక్కలమ్మ మాత్రం కాళ్ల కింద ఇసుకని గీరుతూ అక్కడక్కడే తిరిగింది. ఈపాటికి ఒక పెంకు బీటలిచ్చి ఉంటుందా, లోపలి పిల్ల ముక్కుతో పొడుస్తూ ఉంటుందా, నీలి ఒక్కత్తే ఏం చేస్తోందో అని ఆమె ప్రాణం అక్కడే ఉంది.

సరిగ్గా అప్పుడే దిగబడ్డాడు గుంటయ్య అనే నక్క. కోళ్ల వ్యాపారంలో ఊరకుక్కల బాధ పడలేక, ఈమధ్యే దాన్ని మానేసి న్యాయం మాట్లాడే వృత్తిలోకి దిగాడు. ఆలస్యమైతే ప్రయాణికులకి పరిహారం రావాలని కొంగగారి చట్టంలోనే ఉందనీ, మధ్యాహ్నం దాటితే తలకొక బుట్ట మేత, పొద్దుగూకే దాకా సాగితే రెండు బుట్టలనీ వివరంగా చెప్పాడు. ఇప్పించే పూచీ తనది. వచ్చినదాంట్లో సగం కూడా తనదే. కుందేలూ తాబేలూ ఉడుతా వెంటనే ఒప్పుకుని, నీళ్లలో కాలు పెట్టి మాటిచ్చాయి. ఆ కుంటలో అలా ఇచ్చిన మాట తప్పకూడదు. పరిహారం సంగతి చుక్కలమ్మకి పట్టలేదు గానీ, దాంతోనైనా గూడబాతులు కదులుతాయేమోనని ఆమె కూడా కాలు పెట్టింది.

నిజం చెప్పొద్దూ, గుంటయ్య పని బాగానే చేశాడు. కొంగగారి ముందు గాలి ఊసెత్తనే లేదు. ఒడ్డంతా చెల్లాచెదురుగా పడున్న చేపపొలుసులు చూపించి, ఇవాళ పొద్దున గూడబాతులకి చేపల గుంపు తగిలిందనీ, మెక్కి మెక్కి పైకి లేవలేక పడున్నారనీ చెప్పాడు. సంచయ్య ముఖం చాటేశాడు. కొంగగారు ఒక కన్ను తెరిచి, పరిహారం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పి, మళ్లీ మూసుకున్నారు.

మధ్యాహ్నం వాలింది. గూడబాతులకి తిన్నది అరిగింది. ఇక ఎక్కండి, బయల్దేరదాం అన్నాడు సంచయ్య. చుక్కలమ్మ ఒక్క ఉరుకున వెళ్లి సంచి దగ్గర నిలబడింది. వెనక్కి చూస్తే ఎవరూ రాలేదు. కుందేలు మూట ఎక్కడో పెట్టి మర్చిపోయానంటోంది. ఉడుతకి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చింది. తాబేలు నడుస్తూనే ఉంది గానీ ఇటు కాదు, అటు. గుంటయ్య అందరి చెవుల్లో ఊదిన మంత్రం అది. కాస్త కాలయాపన చేస్తే పొద్దుగూకుతుంది, రెండో బుట్ట చేతికొస్తుంది. గూడబాతులేమో ఎగిరితే అంతా కలిసి ఎగరాలి, చీకట్లో అసలు ఎగరవు.

చుక్కలమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. నక్కని బతిమాలితే నవ్వుతాడు. మిగతావాళ్లకి తన బాధ చెప్పుకుంటే అయ్యో అంటారు, అక్కడే కూర్చుంటారు. ఆమె కాసేపు ఆలోచించింది. పొద్దున ఇంకా గుంటయ్య రాకముందు, నిన్న చీకటిపడి అవతలే ఆగిపోయిన ప్రయాణికులు వచ్చి దిగి పరిహారం అడిగితే ఒక్క గింజా రాకపోవడం ఆమె ఇక్కడే నిలబడి చూసింది. కొంగగారి దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడేలా అడిగింది.

“అయ్యా, నాకు తెలియక అడుగుతున్నాను. ఆలస్యం లెక్క బయల్దేరడంలోనా, చేరడంలోనా?”

“చేరడంలోనే. చేరనివాడికి ఆలస్యం ఎక్కడిదమ్మా?” అన్నారు కొంగగారు కళ్లు తెరవకుండానే.

“మరి ఇవాళ చీకటిపడి ఆగిపోతే?”

“రేపు వెళ్తారు. అది రేపటి ప్రయాణం. రేపటి ప్రయాణం రేపు చేరితే ఆలస్యం లేదు.”

గుంటయ్య గుండె గుభేలుమంది. రెండో బుట్ట మాట దేవుడెరుగు, మొదటి బుట్టకే ఎసరొచ్చేలా ఉంది. ఆ తర్వాత చూడాలి ఆయన హడావుడి. కుందేలు మూట తనే వెతికి తెచ్చాడు. ఉడుత కడుపునొప్పిని ఒక్క కసురుతో నయం చేశాడు. తాబేలుని వీపుమీద వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చి సంచిలో దించాడు. దించాక ఆయాసపడుతూ, పరిహారం ఎప్పుడిస్తారు కొంగగారూ అని అడిగాడు.

“దిగిన ఒడ్డునే, దిగినవాళ్ల చేతికి” అన్నారు కొంగగారు.

అప్పటికే గూడబాతులు నీళ్లమీద పరుగు తీసి పైకి లేచాయి. సంచిలోంచి తల బయటికి పెట్టి చుక్కలమ్మ అంది, “నీ సగం అక్కడే విడిగా పెట్టి ఉంచుతాం గుంటయ్య బావా. మాట తప్పం. వచ్చి తీసుకో.”

కొండలు దాటేంతసేపూ ఆమె చూపు ముందుకే ఉంది. కింద అడవులు, పొలాలు వెనక్కి పోతుంటే ఇంకా ఎంత దూరమని కూడా అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయం.

పెద్దమడుగు ఒడ్డున దిగేసరికి పడమట ఎరుపు ఇంకా ఉంది. తుంగపొదలో గూడు కనిపించింది. గూట్లో పెంకులున్నాయి. చుక్కలమ్మ ఒక పెంకుని ముక్కుతో తాకి చూసింది. లోపల ఇంకా తడిగానే ఉంది. ఆ తడి చూశాక ఆమె అక్కడే కూలబడింది.

నీలి నీళ్లలోంచి ఈదుకుంటూ వచ్చి తల్లి మెడ మీద మెడ వాల్చింది. “మధ్యాహ్నం దాకా చూశానమ్మా. వాళ్లు ఆగలేదు.”

“పిల్లలు ఆగరమ్మా. నువ్వూ ఆగలేదు” అంది చుక్కలమ్మ.

సంచయ్య గింజల బుట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చట్టప్రకారం ఇస్తున్నామన్నాడు. ఆమె అందులో సగం తీసి తుమ్మచెట్టు కింద కుప్పగా పోసింది, మిగతా సగం ముట్టుకోలేదు. గాలి చల్లబడుతుంటే బాతుపిల్లలు ఒక్కొక్కటే ఒడ్డెక్కాయి. చివరిది వణుకుతూ వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆమె రెక్క కిందికి దూరింది. చుక్కలమ్మ రెక్క సర్దుకుని కళ్లు మూసుకుంది. పిల్ల దొరికింది. ఆ మధ్యాహ్నం మాత్రం ఆమెకి ఎవరూ తెచ్చివ్వలేకపోయారు.

గుంటయ్య ఇప్పటికీ కొంగలకుంట ఒడ్డునే ఉన్నాడు. తననీ ఒకసారి అవతలికి తీసుకెళ్లమని గూడబాతులని అడుగుతూనే ఉన్నాడు. మా పొట్టల గురించి సాక్ష్యం చెప్పినవాడివి, నీ బరువు మేం మోయలేమని సంచయ్య అంటూనే ఉన్నాడు. గుంటయ్య వాటా గింజలు తొలకరికి తుమ్మచెట్టు కింద మొలకెత్తాయి కూడా.

ఆలస్యానికి వెల కట్టి ఇవ్వగలరు గానీ, ఆ ఆలస్యంలో జారిపోయిన ఘడియని ఏ చట్టమూ తిరిగి ఇప్పించలేదు.