దర్బారులో పడుగు

కుందవరం రాజు మల్లభూపాలుడికి నాలుగు గుర్రాల రథం కొత్తగా వచ్చింది. దాని మీద మామిడితోటకు తిన్నగా వెళ్లాలని ఆయనకు బుద్ధి పుట్టింది. తిన్నగా అంటే నేతవీధి మీదుగా పోవాలి, వీధి చివర కాలువ దాటాలి. ఆ కాలువ మీది వంతెన పాతది, ఇరుకుది, రెండు వైపులా మెట్లున్నది. మనుషులు ఎక్కి దిగుతారు గానీ బండ్లు దాటలేవు.

"దాన్ని పడగొట్టి రథం పట్టేలా కొత్తది కట్టండి. వీధి కూడా వెడల్పు చెయ్యండి" అన్నాడు రాజు. ఇలాంటి ఆలోచనలు ఆయనకు ఎప్పుడూ కడుపు నిండాకే వచ్చేవి.

నగరాధికారి కొండలరాయుడు ఎగిరి గంతేశాడు. ఈయనకు పని కన్నా ప్రారంభోత్సవం మీద మోజు, దానికన్నా తలపాగా మీద మోజు. ఎంత పెద్ద పాగా చుట్టేవాడంటే, ఎక్కడైనా తల వంచాల్సి వస్తే గుమ్మాన్నే కోప్పడేవాడు.

మర్నాడు నేతవీధి వాళ్లంతా దర్బారుకు వచ్చారు. వాళ్ల పెద్ద మార్కండయ్య చేతులు జోడించాడు.

"దొరా, వంతెన రాళ్లు ఊడిపోతున్నాయి, బాగు చేయిస్తే మీకు పుణ్యం ఉంటుంది. పెద్దది మాత్రం కట్టొద్దు. బండ్లు రావు గనకే మేం వీధిలో పడుగు చాపుకోగలుగుతున్నాం. మగ్గం ఎక్కబోయే పోగులన్నీ ఈ కొస నుంచి ఆ కొసకి బిగించి, గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వాలి. మధ్యలో సడలిందా, పోగులన్నీ అట్ట కట్టుకుపోతాయి. నెల కష్టం గంగలో కలిసినట్టే. మా పొట్ట కొట్టకండి."

కొండలరాయుడు నవ్వాడు.

"నాలుగు దారాల కోసం నగరం ఆగాలా? రథం వచ్చినప్పుడు ఎత్తి పక్కన పెట్టుకోండి. పోయాక మళ్లీ కట్టుకోండి. ఏం కొంప మునుగుతుంది?"

"మునిగేది మా కొంపే కదా బాబూ, మీకేం తెలుస్తుంది" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. రాయుడికి వినపడింది గానీ వినపడనట్టు పాగా సర్దుకున్నాడు.

"ఎల్లుండి పొద్దున్నే ముహూర్తం. మొదటి గునపం దెబ్బ నేనే వేస్తాను" అని రాజు తేల్చేశాడు.

రాజుకు తాంబూలం అందించే తిప్పన్న పళ్లెంతో ముందుకు వంగాడు.

"మహారాజా, గంజి పట్టించాల్సిన పడుగులు ఇంకా ఉన్నాయట. వాళ్లకు వేరే చోటు చూపించమంటారా?"

"చూపించు. నగరంలో తిన్నగా, పొడుగ్గా ఎక్కడ చోటుంటే అక్కడ చాపుకోమను" అన్నాడు రాజు, ఆకుల చుట్ట బుగ్గన పెట్టుకుంటూ.

"ఎక్కడైనానా, మహారాజా?"

"ఎక్కడైనా!"

ముహూర్తం రోజు పొద్దున్నే రాజు అంతఃపురం వైపు నుంచి దర్బారులోకి వచ్చి, సింహాసనం దగ్గర ఆగిపోయాడు. ఈ చివరి స్తంభం నుంచి ఆ చివరి స్తంభం దాకా, నడుమెత్తున పడుగు బిగించి ఉంది. గంజి వాసన గుప్పుమంటోంది. నేతవీధి ఆడామగా అటూ ఇటూ నిలబడి కుంచెలతో దువ్వుతున్నారు. గుమ్మం అవతలి వైపుంది, రథం ఆ గుమ్మం బయటుంది.

"తిప్పన్నా! ఏమిటిది?"

"తమరి ఆజ్ఞే, మహారాజా. నగరమంతా తిరిగాం, ఇంత తిన్నని చోటు ఇంకెక్కడా లేదు. పైగా ఇక్కడికి బండ్లు కూడా రావు."

రాజు పడుగు మీదుగా గుమ్మం వైపు తొంగి చూశాడు. అంతలో కొండలరాయుడు రొప్పుతూ గుమ్మంలోంచి వచ్చాడు.

"మహారాజా, ముహూర్తం దాటిపోతోంది!"

పడుగు కింది నుంచి దూరబోయాడు. పాగా అడ్డొచ్చింది. ఇంకాస్త వంగాడు, పాగా జారి ముక్కు మీదికి వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. రాయుడికి ఒళ్లు మండిపోయింది.

"ఒరే, ఎవర్రా అక్కడ! కత్తి తీసి ఈ దారాలు తెంపి పారెయ్యండి!"

భటుడు కత్తి ఎత్తాడు.

"ఒక్క క్షణం" అన్నాడు తిప్పన్న. "మార్కండయ్యా, ఇది ఎవరి బట్టో చెప్పు. తెగాక చెప్పి లాభం లేదు."

"దసరా దర్బారుకు రాయుడుగారు నేయించుకుంటున్న తలపాగా, దొరా. ఈ సన్ననూలు వడకడానికే మూడు నెలలు పట్టింది."

"ఆగరా!" అని రాయుడు కత్తికి అడ్డంగా చేతులు చాచాడు. "ఎవరూ ముట్టుకోకండి! గట్టిగా ఊపిరి కూడా వదలకండి! మార్కండయ్యా, ఆ కొస సడలుతోంది, చూడు! మహారాజా, తమరు రెండు ఘడియలు అక్కడే కూర్చోండి. ఆరగానే తీసేస్తారు."

"మరి ముహూర్తం?" అన్నాడు రాజు.

"ముహూర్తానిదేముంది మహారాజా, మళ్లీ పెట్టుకోవచ్చు. ఈ నూలు మళ్లీ దొరకదు!"

తిప్పన్న తాపీగా తాంబూలం అందించాడు.

"నేతవీధి వాళ్లు అడిగిందీ ఆ రెండు ఘడియలే, మహారాజా. కాకపోతే అక్కడ నలభై ఇళ్లున్నాయి."

కత్తి పైకి లేచినప్పుడు కూడా మార్కండయ్య కుంచె ఆపలేదని రాజుకు అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆ తర్వాత రాయుడి ముక్కు మీది పాగా కనిపించింది, ఇక నవ్వు ఆగలేదు. తాంబూలం కాస్తా పొలమారింది.

"వంతెనకు ఊడిన రాళ్లు బిగించండి చాలు, మెట్లు మెట్లుగానే ఉండాలి. వీధి జోలికి ఎవరూ పోవద్దు. నా రథం కోట వెనక బాటన చుట్టూ తిరిగి పోతుంది. తిప్పన్నా, ఈ పాగా నేత పూర్తయ్యాక నీదే."

"మహారాజా!" అని రాయుడు కెవ్వుమన్నాడు.

"రాయుడూ, ఆరేదాకా నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. రథం వచ్చినా సరే, ఎత్తి పక్కన మాత్రం పెట్టకు."

దర్బారంతా గొల్లుమంది. వెనక నుంచి ఆ ముసలమ్మ వచ్చి తన కుంచె రాయుడి చేతిలో పెట్టింది.

"మెల్లిగా దువ్వండి బాబూ. అసలే అది తిప్పన్న పాగా."