ఒంటిమీసం నాణెం

నేనింతవరకూ కథ రాయలేదు, తప్పులుంటే సర్దుకోండి.

పూర్వం ఒక ఊళ్లో మజ్జిగమ్మే సన్యాసమ్మకు చిల్లరలో ఓ నాణెం దొరికింది. అచ్చు తప్పి, దానిమీద రాజుగారికి ఒకవైపే మీసం పడింది. ఇలాంటివి పోగేసే జమీందారు పాడిగేదెనే ఇస్తాడని విని, నాణెం అసలుదో నకిలీదో తేల్చమని సంతలో నాణేలు పరీక్షించే షరాబు కూర్మయ్యకు చూపింది.

"నకిలీదే! పో," అంటూ ఆయన దాన్ని మొలలో దోపుకున్నాడు.

"అయితే అందరి ముందూ ఉలితో నరకాలి కద బాబూ! మీ షరాబుల ఆచారమేగా. నరకండి."

జనం మూగారు. కూర్మయ్య నాణెం మీద ఉలి ఆనించాడు గానీ, సుత్తి దించలేకపోయాడు.

"బంగారంలాంటి గేదెను నరకమంటావేమే!" అని నోరుజారాడు.

సంతంతా గొల్లున నవ్వింది. సన్యాసమ్మ నాణెం తీసుకుని జమీందారు ఇంటిదారి పట్టింది.

మర్నాడు పొద్దున్నే గేదెను తోలుకొస్తూ, షరాబు గుమ్మంలో ఆగి ముంతెడు మజ్జిగ పోసింది.

"తాగండి బాబూ, చలవ చేస్తుంది. నిన్న మీకు బాగా చెమటలు పట్టాయి."